ఆపరేషన్ రోజు ఉదయం మూర్ఛ మాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 34 సంవత్సరాలు. హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు ఉంటాము. తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు నాకు మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. అప్పటి నుంచి మందులు మానకుండా వాడుతున్నాను. ఇప్పుడు లెవిటిరాసిటమ్ 500, కార్బమజెపైన్ సీఆర్ 200 మాత్రలు ఉదయం తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి ఒక్కొక్కటి చొప్పున వేసుకుంటున్నాను. చివరిసారి ఫిట్స్ వచ్చి 14 నెలలైంది. మా చెల్లెలి పెళ్లిలో రెండు రాత్రులు సరిగా నిద్ర లేదు, నెలసరి కూడా దగ్గర పడింది, తెల్లవారుజామున వచ్చాయి. ఈ మధ్య పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలింది. రెండుసార్లు భరించలేని నొప్పితో అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తాము. లాపరోస్కోపీ ద్వారా పిత్తాశయం తీసేయాలని, పూర్తి మత్తు ఇస్తారని చెప్పి వచ్చే నెలకు తేదీ ఇచ్చారు. ముందు రోజు రాత్రి పది దాటాక మంచినీళ్లతో సహా ఏమీ తీసుకోవద్దని కాగితం మీద రాసిచ్చారు. మాత్రల సంగతి అందులో లేదు. ఫిట్స్ ఉన్నవాళ్లకు పూర్తి మత్తు ఇస్తే మెదడు దెబ్బతింటుందని, జబ్బు సంగతి తెలిస్తే అసలు ఆపరేషనే చేయరని, కాబట్టి చెప్పవద్దని మా పెద్దమ్మ అంటోంది. మా వారికి నా జబ్బు గురించి తెలుసు కానీ అత్తగారికి తెలియదు. మత్తు డాక్టర్ దగ్గరికి ఆవిడ కూడా వస్తానంటున్నారు. నేనేం చేయాలి?
ఒక సోదరి, హైదరాబాద్

సమాధానం: అమ్మా, మీరు ఉత్తరం చివర రాసిన విషయంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా జాగ్రత్తలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. మత్తు డాక్టర్ దగ్గర మీ మూర్ఛ సంగతి దాచవద్దు. ఇరవై ఏళ్లకు పైగా ఈ నగరంలో మత్తు వైద్యం చేస్తున్నాను. మందులతో అదుపులో ఉన్న మూర్ఛ రోగిని, ఆ ఒక్క కారణంతో, పూర్తి మత్తు ఇవ్వలేమని తిప్పి పంపవలసిన అవసరం నాకు రాలేదు. ఇలాంటి వారికి ఆపరేషన్లు చేయడం మాకు కొత్త పని కాదు. ఆ సంగతి మాకు తెలియకపోతేనే చిక్కులు వస్తాయి. మీ పెద్దమ్మగారు మీ మేలు కోరే ఆ మాట అన్నారనడంలో నాకు సందేహం లేదు, అయినా ఈ ఒక్క విషయంలో ఆవిడ మాట వినవద్దు.

చెప్పకపోతే ఏమవుతుందో వివరంగా చూద్దాం. ఆపరేషన్ రోజున మత్తు మొదలైన దగ్గర నుంచి మీరు వార్డుకు చేరేవరకు ఎన్నో రకాల మందులు ఇస్తాము. వాటిలో చాలావాటికి మూర్ఛ ఉన్నా లేకపోయినా తేడా లేదు. కానీ నొప్పి తగ్గడానికి మన ఆసుపత్రుల్లో చాలా మామూలుగా ఇచ్చే ట్రమడాల్, కొన్నిచోట్ల ఇంకా వాడుకలో ఉన్న పెథిడిన్, ఈ రెండూ మూర్ఛ ఉన్నవారికి తగవు. మూర్ఛ రాకుండా మెదడు నిలదొక్కుకునే శక్తిని ట్రమడాల్ తగ్గిస్తుంది. పెథిడిన్ శరీరంలో విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే పదార్థం పేరుకుపోతే అదే మూర్ఛను తెప్పించగలదు. మీ విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. కార్బమజెపైన్ చాలాకాలంగా వాడుతున్నవారిలో కాలేయం ట్రమడాల్‌ను త్వరత్వరగా ఖర్చు చేసేస్తుంది, అందువల్ల నొప్పి తగ్గేది తక్కువ, ప్రమాదం మాత్రం పోదు. మీ కేసు షీటు మీద మూర్ఛ అన్న మాట లేకపోతే, అర్ధరాత్రి మీరు నొప్పి అనగానే డ్యూటీలో ఉన్న నర్సు అలవాటు ప్రకారం ఆ సూదే వేయవచ్చు, అందుకు ఆమెను తప్పుపట్టడానికి కూడా ఉండదు. ఇంకొకటి: మత్తు నుంచి మీరు ఆలస్యంగా తేరుకున్నా, తేరుకున్నాక తికమకగా మాట్లాడినా, మీ జబ్బు తెలిసిన వైద్యుడు ఇది మూర్ఛ తర్వాతి మగత కావచ్చునని మొదటే ఆలోచిస్తాడు. తెలియని వైద్యుడు పక్షవాతమేమో అనుకుని స్కాన్‌కు పంపుతాడు, ఈలోగా అవసరమైన చికిత్స వెనకబడుతుంది.

అత్తగారి ఎదుట నోరు విప్పడం కష్టమన్న మీ మాట నాకు అర్థమైంది. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ చేసే పరీక్షను ఆసుపత్రుల్లో పీఏసీ అంటారు. ఆ గదిలో గుండె, ఊపిరితిత్తులు పరీక్షించేటప్పుడు వెంట వచ్చినవారిని కాసేపు బయట కూర్చోమనడం మామూలే కాబట్టి, లోపలికి వెళ్లగానే ‘డాక్టర్ గారూ, మీతో ఒంటరిగా మాట్లాడాలి’ అనండి, మిగతాది వారు చూసుకుంటారు. రోగి చెప్పిన రహస్యాలను కాపాడాలని 2002 నాటి వైద్యుల వృత్తి నియమావళిలో ఉంది. కేసు షీటును మంచం దగ్గర పెట్టకుండా నర్సింగ్ స్టేషన్‌లోనే ఉంచమని కూడా మీరు అడగవచ్చు. అత్తగారికి ఎప్పటికైనా చెప్పాలా వద్దా అన్నది మీరూ మీ వారూ కూర్చుని తేల్చుకోవలసిన విషయం, అందులో నేను ఒత్తిడి చేయను. పెళ్లికి అడ్డుగా చట్టం చెప్పే కారణాల్లో ఒకప్పుడు మూర్ఛ కూడా ఉండేది. ఆ మాటను హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తొలగించారు. చట్టం నుంచి పోయిన భయం మన ఇళ్లలో ఇంకా ఉంది, మీ ఉత్తరం చదివినప్పుడు నాకు ఎక్కువ బాధ కలిగించినది అదే.

ఇక మాత్రల సంగతి. ఆపరేషన్ రోజుల్లో మూర్ఛ రోగికి ఫిట్స్ వచ్చాయంటే మేము మొదట అడిగేది, ఉదయం మాత్ర వేసుకున్నారా అని. లెవిటిరాసిటమ్ మోతాదు రక్తంలో ఆరు నుంచి ఎనిమిది గంటల్లో సగానికి పడిపోతుంది. ముందు రోజు రాత్రి తొమ్మిదికి వేసుకుని, ఉదయం మానేసి, మళ్లీ రాత్రి తొమ్మిదికి గానీ వేసుకోలేదనుకోండి, ఆ సమయానికి మొదటి మాత్ర తాలూకు మందు ఎనిమిదో వంతుకు మించి మిగలదు. సరిగ్గా అదే రోజున మీకు నిద్ర చాలదు, కడుపు ఖాళీగా ఉంటుంది, మనసులో ఆందోళన ఉంటుంది, ఒంటి మీద కోత పడుతుంది. దొంగల భయం ఉన్న రాత్రే కాపలావాడిని ఇంటికి పంపినట్టు అవుతుంది.

కొన్నేళ్ల కిందట నగరంలోని ఒక ఆసుపత్రిలో హెర్నియా ఆపరేషన్‌కు వచ్చిన ఒక కుర్రాడి విషయం మీకు చెప్పాలి. ఉదయం పదకొండుకు జరగవలసిన ఆపరేషన్, ముందున్న కేసు సాగడంతో, మధ్యాహ్నం మూడుకు మొదలైంది. మత్తు ఇవ్వడం, ఆపరేషన్, మత్తు నుంచి లేపడం అన్నీ సాఫీగా జరిగాయి. సాయంత్రం రికవరీ గదిలో అతని కుడిచేతి బొటనవేలు అదరడం మొదలైంది, చూస్తుండగానే చేయి, ఆ తర్వాత ఒళ్లంతా. సూది మందుతో రెండు నిమిషాల్లోపే తగ్గింది, అతనికి ఏ హానీ జరగలేదు. బయటకు వచ్చి తల్లిని, పొద్దున మాత్రలు వేశారా అని అడిగితే, ఆమె చీర కొంగు ముడి విప్పి, చెమటకు కొంచెం మెత్తబడిన రెండు మాత్రలు అరచేతిలో పెట్టి చూపించింది. ‘మంచినీళ్లు సుత ముట్టొద్దన్నరు గద సార్, అందుకే దాచి పెట్టిన’ అంది. ముందు రోజు పీఏసీలో మాత్ర మానవద్దని నేను నోటితో చెప్పాను, కానీ కాగితం మీద రాయలేదు. ఆ తల్లి కాగితాన్నే నమ్మింది, నమ్మడం న్యాయమే. అప్పటి నుంచి ప్రతి మూర్ఛ రోగి కాగితం మీద ఆ ఒక్క వాక్యం తెలుగులో పెద్ద అక్షరాలతో నా చేత్తో రాస్తున్నాను. మీరూ మీ డాక్టర్ చేత రాయించుకోండి: ‘ఆపరేషన్ రోజు ఉదయం 6 గంటలకు మూర్ఛ మాత్రలు రెండూ గుక్కెడు నీళ్లతో వేసుకోవాలి.’ గంట ఎంతన్నది మీ ఆపరేషన్ సమయాన్ని బట్టి వారు నిర్ణయిస్తారు. రోజూ తొమ్మిదికి వేసుకునేది ఆ ఒక్కరోజు కాస్త ముందు పడినా నష్టం లేదు, అసలు పడకపోతేనే నష్టం.

నీళ్లు కూడా వద్దన్నారు కదా అని మీకు సందేహం రావచ్చు. కడుపు ఖాళీగా ఉంచమనేది ఎందుకంటే, మత్తులో ఉన్నప్పుడు కడుపులోనిది పైకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. మామూలు భోజనం అరగడానికి ఆరు గంటలు, నూనె, మాంసం ఎక్కువైతే ఎనిమిది గంటలు వదలాలి. ఉత్త మంచినీళ్లు మాత్రం త్వరగా దిగిపోతాయి, వాటికి రెండు గంటల ఎడం చాలునన్నది ఇప్పుడు అంతటా ఆమోదం పొందిన నియమం. మాత్ర మింగడానికి పట్టే గుక్కెడు నీళ్ల వల్ల ఏ ప్రమాదమూ లేదు. ముందు రాత్రి పది నుంచి చుక్క నీరు కూడా వద్దనడం, అన్ని కేసులకూ ఒకే కాగితం ఇచ్చే సౌలభ్యం కోసం వచ్చిన పాత అలవాటు. అయితే పాలు కలిపిన చాయ్ నీళ్ల లెక్కలోకి రాదు, అది భోజనం కిందే లెక్క. ఉదయాన్నే ఆసుపత్రి ఎదురుగా ఉన్న హోటల్లో అర కప్పు ఇరానీ చాయ్ తాగి వచ్చి, ఆపరేషన్ వాయిదా పడిన వారిని నేను ఎంతమందినో చూశాను.

మాత్రలను మీ ఇంటి నుంచే తీసుకువెళ్లండి, అట్టలతో సహా. ఆసుపత్రి మందుల దుకాణంలో మీరు వాడే కంపెనీది దొరక్కపోవచ్చు, సీఆర్ రకానికి బదులు మామూలు కార్బమజెపైన్ ఇవ్వవచ్చు. సీఆర్ అంటే మందు నెమ్మదిగా విడుదలయ్యే రకం, దాన్ని నూరి గానీ నమిలి గానీ మింగకూడదు. పీఏసీలో ఏ మందు వాడుతున్నారని అడిగితే ‘తెల్ల గోళీ, పొద్దున ఒకటి రాత్రి ఒకటి’ అని చెప్పేవారే ఎక్కువ, ఆ వర్ణనకు సరిపోయే మందులు వందలున్నాయి. ఏవైనా పసరు మందులు, ఆయుర్వేదం, హోమియో మందులు వాడుతుంటే అవీ చెప్పండి. రాళ్లు కరుగుతాయని ఎవరైనా ఇచ్చినవి ఉంటే తప్పక చెప్పండి.

ఆపరేషన్ ఆలస్యమైతే, లేదా ఆ రాత్రి వాంతుల వల్ల మాత్ర నిలవకపోతే ఏం చేయాలన్నది ముందే మాట్లాడి పెట్టుకోండి. లెవిటిరాసిటమ్ ఇంజెక్షన్ రూపంలో దొరుకుతుంది, మాత్ర మోతాదునే సెలైన్‌లో కలిపి పావుగంటలో ఎక్కించవచ్చు. కార్బమజెపైన్ అలా ఇంజెక్షన్‌గా దొరకదు, అందుకే నోటి ద్వారా వీలైనంత వేగంగా మళ్లీ మొదలుపెట్టడం మీ విషయంలో ముఖ్యం. పిత్తాశయం ఆపరేషన్ తర్వాత సాధారణంగా అదే సాయంత్రం నీళ్లు, ద్రవాహారం మొదలుపెడతారు కాబట్టి రాత్రి తొమ్మిది మాత్ర తప్పవలసిన పని ఉండదు. మాత్ర వేసుకున్న కాసేపటికే వాంతి అయితే ఊరుకోకుండా నర్సుకు చెప్పండి.

పూర్తి మత్తు మెదడును దెబ్బతీస్తుందా అన్న మీ పెద్దమ్మగారి భయానికి ఇప్పుడు వస్తాను. ఐదు నిమిషాలు దాటినా ఆగని మూర్ఛ ప్రాణాంతకం. మామూలు సూది మందులకు అది లొంగనప్పుడు ఐసీయూలో మేము చేసేది ఏమిటో తెలుసా? ఆ రోగికి పూర్తి మత్తు ఇస్తాము. ప్రోపోఫాల్, మిడజోలం, థయోపెంటోన్ అనే ఈ మందులే అప్పుడు మూర్ఛను ఆపుతాయి. ఆపరేషన్ బల్ల మీద మిమ్మల్ని నిద్రపుచ్చేది కూడా చాలావరకు ప్రోపోఫాల్ అనే, పాలలా తెల్లగా ఉండే ఆ మందే. చేతి నరంలోకి ఎక్కుతున్నప్పుడు కొంచెం మంటగా ఉంటుంది, పది అంకెలు లెక్కపెట్టేలోపు నిద్ర పడుతుంది. కొందరిలో ఆ క్షణాన చేయి, కాలు ఒకసారి ఎగిరినట్టు కదులుతుంది, అది మూర్ఛ కాదు. మూర్ఛ ఉన్నవారికి జాగ్రత్తగా వాడవలసిన లేదా మానవలసిన మత్తుమందులు కొన్ని ఉన్న మాట నిజమే, ఎటోమిడేట్ అలాంటిదే. సెవోఫ్లూరేన్ అనే వాయువును మరీ ఎక్కువ మోతాదులో ఇవ్వము. వాటి సంగతి మీ మత్తు డాక్టర్‌కు తెలుసు, మీరు చేయవలసింది మీ జబ్బు పేరు చెప్పడమే. పూర్తి మత్తు తీసుకున్నందువల్ల మూర్ఛ వ్యాధి ముదరదు.

బహుశా పెద్దమ్మగారి భయం క్లోరోఫామ్ కాలం నుంచి తరతరాలుగా వచ్చినది. ఆ రోజుల్లో భయం అర్థం లేనిదేమీ కాదు, ఆ భయాన్ని తేల్చడానికే మన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో, అంటే నేటి ఉస్మానియా ఆసుపత్రికి మూలమైన చోట, 1888లో, 1889లో రెండు క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ వాటికి డబ్బు ఇచ్చారు, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నడిపించారు. ప్రపంచపు తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పేరుపొందిన డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ కాలంలో ఈ నగరంలోనే చదివి, ఇక్కడే రోగులకు క్లోరోఫామ్ ఇచ్చారు. రోగి శ్వాసను చూసుకుంటే చాలు, గుండెకు భయం లేదని లారీ వాదించారు. గుండె విషయంలో ఆయన పొరబడ్డారని తర్వాత తేలింది. నేడు మీ వేలికి తగిలించే చిన్న క్లిప్పు రక్తంలోని ఆక్సిజన్‌ను, ఛాతీ మీది అట్టలు గుండె కొట్టుకోవడాన్ని, గొట్టం చివర ఉన్న పరికరం మీరు వదిలే ప్రతి శ్వాసలోని బొగ్గుపులుసు వాయువును ఆపరేషన్ పొడుగునా చూపిస్తూనే ఉంటాయి, వాటి పక్కన ఒక డాక్టర్ మీ తల దగ్గరే ఉంటారు.

ఈ బొగ్గుపులుసు వాయువు మీ ఆపరేషన్‌లో రెండు విధాల ముఖ్యం. లాపరోస్కోపీలో కడుపును ఆ వాయువుతోనే ఉబ్బిస్తారు, అది రక్తంలోకి చేరుతుంది, దాన్ని బయటకు పంపడానికి యంత్రంతో శ్వాస ఇస్తాము. వెన్నులో సూది ఇచ్చి సరిపెట్టకుండా పూర్తి మత్తు ఇవ్వడానికి ఇదొక కారణం. అయితే శ్వాస మరీ వేగంగా ఇచ్చి ఆ వాయువును బాగా తగ్గించేస్తే మూర్ఛ రేగే అవకాశం పెరుగుతుంది కాబట్టి, మూర్ఛ రోగి అని తెలిసిన డాక్టర్ ఆ అంకెను పడిపోనివ్వరు. కండరాలు సడలించే మందు పనిచేస్తుండగా మూర్ఛ వస్తే ఒళ్లు కదలదు, అప్పుడు ఎలా తెలుస్తుందని మీరు అడగవచ్చు. గుండె వేగం, రక్తపోటు, ఈ వాయువు అంకె, మూడూ కారణం లేకుండా ఒక్కసారిగా ఎగబాకుతాయి, కంటిపాపలు పెద్దవవుతాయి. వెంటనే మత్తును లోతు చేస్తాము. కానీ ఇది పుస్తకాల్లో చదివినంత తరచుగా మాకు ఎదురయ్యేది కాదు.

కార్బమజెపైన్ వాడేవారిలో సోడియం తగ్గడం మామూలు, సోడియం పడిపోతే అది కూడా మూర్ఛను రేపుతుంది. రక్తపరీక్షల చీటీలో సోడియం ఉందో లేదో చూసుకోండి, లేకపోతే అడిగి రాయించుకోండి. ఉండవలసినది 135 నుంచి 145 మధ్య. చాలా ఏళ్లుగా ఈ మాత్ర వాడేవారికి కండరాలు సడలించే కొన్ని మందులు త్వరగా దిగిపోతాయి, మామూలు కంటే ఎక్కువసార్లు ఇవ్వవలసి వస్తుంది. మూర్ఛ మాత్ర పేరు చెప్పమనడం వెనుక ఇలాంటి కారణాలున్నాయి. ఈ సమాధానం చదివే ఇతర పాఠకులు సోడియం వాల్‌ప్రొయేట్ వాడుతుంటే వారు ప్లేట్‌లెట్లు, కాలేయ పరీక్షలు చేయించుకోవాలి, మెరోపెనెమ్ వంటి యాంటీబయాటిక్ ఇచ్చే ముందు వైద్యుడికి గుర్తుచేయాలి, ఎందుకంటే ఆ యాంటీబయాటిక్ వల్ల రక్తంలో వాల్‌ప్రొయేట్ చాలా వేగంగా పడిపోతుంది.

మత్తు దిగుతున్నప్పుడు చాలామందికి పళ్లు టకటకలాడేంత వణుకు వస్తుంది. ఆపరేషన్ థియేటర్ చల్లదనం వల్ల, మత్తు వల్ల వచ్చే ఆ వణుకులో మనిషి పలుకుతారు, పిలిస్తే కళ్లు తెరుస్తారు, దుప్పటి కప్పి వెచ్చబరిస్తే తగ్గుతుంది. మీ వారికి ఈ తేడా ముందే చెప్పి ఉంచండి, లేకపోతే కంగారుపడి తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం మొదలవుతుంది. వాంతులకు ఇచ్చే మందుల్లో మెటోక్లోప్రమైడ్ అనే దాని వల్ల కొందరికి మెడ, కళ్లు ఒక పక్కకు లాగేస్తాయి, అదీ మూర్ఛలాగే కనిపిస్తుంది. మీకు ఆండన్‌సెట్రాన్ మేలు.

ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే చీటీని అక్కడే కూర్చుని చదవండి, లేదా మీ వారిని చదవమనండి. ఆసుపత్రిలో అన్ని జాగ్రత్తలూ తీసుకుని, డిశ్చార్జ్ చీటీలో మాత్రం అచ్చులో వచ్చే మామూలు నొప్పి మాత్ర రాసివ్వడం జరుగుతూ ఉంటుంది. అల్ట్రాసెట్ అనే పేరు కనిపిస్తే అందులో పారాసిటమాల్‌తో పాటు ట్రమడాల్ ఉందని గుర్తుంచుకోండి, మార్చమని అడగండి. రాసిచ్చిన మోతాదులో పారాసిటమాల్, కడుపుకూ కిడ్నీలకూ ఇబ్బంది లేకపోతే డైక్లోఫెనాక్ వంటివి సరిపోతాయి. లాపరోస్కోపీ గాయాలు చిన్నవి, నొప్పి రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. యాంటీబయాటిక్స్‌లో సిప్రోఫ్లోక్సాసిన్, ఒఫ్లోక్సాసిన్ కుటుంబం మూర్ఛ ఉన్నవారికి అంత మంచిది కాదు. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ మీ రక్తంలో కార్బమజెపైన్‌ను పెంచేసి కళ్లు తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం తెప్పిస్తాయి.

ఇంట్లో ఒకవేళ ఫిట్స్ వస్తే మీ వారు చేయవలసినది కొంచెమే: మిమ్మల్ని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, గడియారం చూడాలి, నోట్లో చెంచా గానీ వేలు గానీ పెట్టకూడదు, చేతులు కాళ్లు అదిమిపట్టకూడదు. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోసారి వచ్చినా 108కి ఫోన్ చేయాలి. ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే రాసివ్వమని మీ నరాల డాక్టర్‌ను అడగండి. ఆపరేషన్ తేదీకి పది రోజుల ముందైనా వారిని ఒకసారి కలవడం అవసరం, ఆ చీటీని పీఏసీకి తీసుకువెళ్లండి.

తేదీ గురించి ఒక మాట. మీరు రాసిన దాన్ని బట్టి మీకు ఫిట్స్ రేపేవి నిద్ర లేకపోవడం, నెలసరి ముందు రోజులు. ఈ ఆపరేషన్ తేదీని వారం అటూఇటూ జరపడం కష్టం కాదు, మీ నెలసరి తేదీలు చెప్పి ఆ నాలుగైదు రోజులు తప్పించమని అడగండి. ఆ ముందు రాత్రి చుట్టాలందరూ చూడటానికి వచ్చి పదకొండింటి దాకా కూర్చోకుండా మీ వారు చూసుకోవాలి. మొదటి కేసుగా పెట్టమనీ అడగండి, ఇస్తారన్న హామీ లేదు కానీ మూర్ఛ రోగి అడిగితే మేము వీలైనంత వరకు ఇస్తాము.

భయంతో ఆపరేషన్‌ను నెలల తరబడి వాయిదా వేయడం మాత్రం వద్దు. ఇప్పటికే రెండుసార్లు నొప్పి వచ్చింది. రాయి కదిలి నాళంలో అడ్డుపడితే కామెర్లు, క్లోమం వాపు రావచ్చు, పిత్తాశయం చీము పడితే జ్వరం వస్తుంది, ఆ జ్వరమే మీకు మూర్ఛ తెప్పించవచ్చు. అప్పుడు అదే ఆపరేషన్ హడావుడిగా, ఏ ఏర్పాటూ లేకుండా జరుగుతుంది. ఈలోగా కళ్లు పచ్చబడినా, చలిజ్వరం వచ్చినా, నొప్పి ఆరు గంటలు దాటినా తేదీ కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లండి. అందుకోసం మాత్రల అట్టలు, నరాల డాక్టర్ చీటీ ఒక కవరులో పెట్టి ఈరోజే తలుపు దగ్గర ఉంచుకోండి, ఆ కవరు మీద ‘మూర్ఛ ఉంది, ట్రమడాల్ వద్దు’ అని రాయండి, చివరి మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారో క్యాజువాలిటీలో చేరగానే చెప్పమని మీ వారికి చెప్పి ఉంచండి.